అప్‌డేట్: రొయ్యల ప్లాంట్‌లో లీవుల గొడవ ఎంతవరకు వచ్చిందంటే

నెల్లూరు దగ్గర మా రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో లీవు అడిగితే కసురుకుంటున్నారు, అందుకే ఆడవాళ్లు చెప్పకుండానే మానేస్తున్నారు, ఏం చేయాలని అడిగాను కదా. చట్టం చూపించమన్నారు మీరు. చూపించాం, పనిచేసింది.

1948 ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్ ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే మరుసటి ఏడాది ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు ఉండేది. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో ఆ 240ని 180కి తగ్గించారు. కాంట్రాక్టు వాళ్లకు ఇది వర్తించదని మేనేజర్ వాదించాడు గానీ, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లూ కార్మికులేనని 1948 చట్టం నిర్వచనంలోనే ఉంది. అది చదివాక ఇంక మాట్లాడలేదు.

ఇప్పుడు ఎవరికి ఎన్ని లీవులు మిగిలాయో గోడమీద అంటిస్తున్నారు, షిఫ్టులు తమలో తాము మార్చుకోనిస్తున్నారు. నాకైతే ఈ రెండోదే పెద్ద మార్పు అనిపిస్తుంది, ఎందుకంటే పిల్లాడికి జ్వరమొస్తే రోజు కూలీ పోగొట్టుకోకుండా రాత్రి షిఫ్టుకు రావచ్చు, రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకు వెళ్లాలనుకునేవాళ్లు ముందే చెప్పి పక్కామెతో మార్చుకోవచ్చు. చెప్పకుండా మానేయడం బాగా తగ్గింది. ఉన్నవాళ్ల మీద రెట్టింపు పని పడటంలేదు, ఆ చిరాకులూ లేవు.

ఒకటి మాత్రం తేలలేదు. మిగిలిన సెలవులు 30 రోజుల దాకా మరుసటి ఏడాదికి కలపాలని చట్టంలో ఉంది, వీళ్లు ఇంకా ఒప్పుకోలేదు. దాని మీద రాతపూర్వకంగా అర్జీ ఇస్తున్నాం.