501సీ3 ఉంటే హౌసింగ్ గ్రాంటుకి ఎలిజిబులేనా?

ప్రశ్న (కొత్త బోర్డు మెంబర్):
అందరికీ నమస్తే. అమెరికాలో ఒక చిన్న నాన్‌ప్రాఫిట్ బోర్డులో ఉన్నానండి. మా ఏరియాలో ట్యాక్స్ క్రెడిట్‌తో (అద్దెలు తక్కువగా ఉంచుతామంటే కట్టినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే పన్ను తగ్గింపు) కట్టిన పాత అపార్ట్‌మెంట్ బిల్డింగ్ ఒకటి ఉంది, ఎక్కువమంది తక్కువ ఆదాయం వాళ్ళు, పెద్దవాళ్ళు. ఆ అద్దె షరతుల గడువు దగ్గరపడింది, ఓనర్ అమ్మేస్తే కొత్తవాడు అద్దెలు పెంచేస్తాడని అందరికీ భయం. మేమే కొని, రిపేర్లు చేయించి అద్దెలు అలాగే ఉంచుదామని ఆలోచన. 501సీ3 లెటర్ (పన్ను మినహాయింపు ఉన్న నాన్‌ప్రాఫిట్ అని ట్యాక్స్ శాఖ ఇచ్చేది) ఉంది కానీ ఇన్నాళ్ళూ చేసింది ఫుడ్ పంపిణీ, పిల్లల ట్యూషన్లు, అంతే. ఇలాంటి ఇళ్ళని తక్కువ అద్దెకే నిలబెట్టడానికి సిటీ ఇచ్చే ప్రిజర్వేషన్ గ్రాంటుకి మేం పనికొస్తామా?

జవాబు (సియాటిల్ శాస్త్రి):
లెటర్ ఉంటే గేటు లోపలికి రానిస్తారండి, అంతవరకే. ముందు సిటీ డబ్బు ఎక్కడిదో కనుక్కోండి. హోమ్ ప్రోగ్రాం (తక్కువ ఆదాయం వాళ్ళ ఇళ్ళకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే డబ్బు) అయితే అందులో కనీసం 15 శాతం సీహెచ్‌డీఓ అనే, స్థానికంగా ఇళ్ళ పనిచేసే నాన్‌ప్రాఫిట్‌లకే పక్కన పెట్టాలి, ఆ కోటాలోకి రావాలంటే బోర్డులో కనీసం మూడోవంతు తక్కువ ఆదాయం వాళ్ళు లేదా వాళ్ళ తరఫువాళ్ళు ఉండాలి, ప్రభుత్వం తరఫువాళ్ళు మూడోవంతు దాటకూడదు, బైలాస్‌లో అఫర్డబుల్ హౌసింగ్ మా పని అని రాసుండాలి. మీది ఫుడ్, చదువు అని ఉంటే ముందు అది మార్చుకోండి. ఈ కోటా కాకుండా మామూలు హోమ్ డబ్బుకీ, సీడీబీజీకీ (ఊళ్ళ అభివృద్ధికి వచ్చే ఇంకో ఫెడరల్ గ్రాంటు) సీహెచ్‌డీఓ అవ్వాల్సిన పనిలేదు, అక్కడ వేరే నాన్‌ప్రాఫిట్‌లూ అడగొచ్చు. కానీ ఎవరైనా సరే "ఇంతకుముందు ఏం కట్టారు, ఏం నడిపారు" అనే అడుగుతారు.

జవాబు (ట్యాక్స్ క్రెడిట్ తాతయ్య):
గడువు అంటే ఏ గడువు బాబూ? ట్యాక్స్ క్రెడిట్ షరతుల 15 ఏళ్ళదా, అద్దె నియమం ఉండే 30 ఏళ్ళదా? 1990 నుంచి వచ్చిన ప్రాజెక్టులకి కనీసం 30 ఏళ్ళ అద్దె నియమం ఉంటుంది, 15 అయిపోతే అన్నీ పోతాయని చాలామంది అనుకుంటారు. అయితే చాలా రాష్ట్రాల్లో 14వ ఏడు తర్వాత ఓనర్ కొనేవాణ్ణి చూపించమని హౌసింగ్ ఏజెన్సీని అడగొచ్చు, ఏడాదిలో ఎవరూ దొరక్కపోతే నియమాలు ముందే తీసేస్తారు, అప్పటికి ఉన్న అద్దెదారులకి మాత్రం మూడేళ్ళు రక్షణ ఉంటుంది. కౌంటీ రికార్డుల్లో ఈ అద్దె నియమాలు రాసిన అగ్రిమెంటు తీసి చదవండి. నాన్‌ప్రాఫిట్‌కి ముందుగా కొనే హక్కు బిల్డింగ్ ఓనర్ల పార్ట్‌నర్‌షిప్ పత్రాల్లో రాసుంటేనే ఉంటుంది, బయటినుంచి వచ్చిన మీకు దానంతట అది రాదు.

జవాబు (గ్రాంట్లు రాసే అమ్మాయి):
ఒక్క ముఖ్యమైన విషయం చెప్తా, ఫెడరల్ డబ్బుకి అప్లై చేశాక ఎన్విరాన్మెంటల్ రివ్యూ పూర్తయ్యేలోపు బిల్డింగ్ కొనేయడం గానీ పని మొదలుపెట్టడం గానీ చేశారో, ఆ ప్రాజెక్టుకి డబ్బు పోయినట్టే. అది అయ్యేదాకా షరతులతో ఆప్షన్ అగ్రిమెంటు (తర్వాత కొనే హక్కు రాయించుకోవడం) వరకే. 1978 ముందు కట్టిన బిల్డింగ్ అయితే లెడ్ పెయింట్ టెస్టు కూడా. శామ్ డాట్ గవ్ అనే ఫెడరల్ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్, అక్కడ సంస్థకి ఇచ్చే యూఈఐ నంబరు కావాలా అని సిటీని అడిగి ఈ రోజే మొదలుపెట్టండి, సాగుతుంది. చాలా చోట్ల మీరు ముందు ఖర్చు పెట్టి బిల్లు పంపితేనే డబ్బు వస్తుంది, అందుకని బ్యాంకు లైన్ (కావాల్సినప్పుడు వాడుకునే అప్పు) లేకుండా దిగకండి. గ్రాంటు ఎప్పుడూ మొత్తానికి సరిపోదు, మిగతాది లోను, ఇంకొక ఫండు... ఫెడరల్ హోమ్ లోన్ బ్యాంకులు (మామూలు బ్యాంకులకి అప్పులిచ్చే బ్యాంకులు) ఏటా నికర ఆదాయంలో 10 శాతం అఫర్డబుల్ హౌసింగ్‌కి ఇస్తాయి, మెంబర్ బ్యాంకు ద్వారా అడగాలి.

కొత్త బోర్డు మెంబర్:
చాలా థ్యాంక్స్ అండి, కళ్ళు తిరుగుతున్నాయి. మాకు పెయిడ్ స్టాఫే లేరు, అంతా వాలంటీర్లం. ఇక వదిలేయాలా?

గ్రాంట్లు రాసే అమ్మాయి:
వదలక్కర్లేదు. హౌసింగ్ చేసిన అనుభవం ఉన్న నాన్‌ప్రాఫిట్‌తో జాయింట్‌గా వెళ్ళండి, వాళ్ళు లీడ్ అప్లికెంట్. అద్దెదారులతో మాట్లాడే పని మీది, అది వాళ్ళకంటే మీకే బాగా వచ్చు. ఎవరి పేరు మీద బిల్డింగ్ ఉంటుంది, రిపేరు ఖర్చు ఎవరిది, తర్వాత ఎవరు తప్పుకుంటే ఏమవుతుంది అన్నవి మాత్రం లాయర్ చేత ముందే రాయించుకోండి, మాటమీద వద్దు.