స్కాన్ కూడా తీయకుండా ఆటిజం అని ఎలా చెప్తారు?

కరీంనగర్ అమ్మ:
మా బాబుకి రెండేళ్లు దాటాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు, టీవీలో యాడ్ వస్తే మాత్రం పక్కగదిలోంచి పరిగెత్తుకొస్తాడు, అంటే చెవులు బాగానే ఉన్నట్టేగా. నీళ్లు కావాలంటే నా చెయ్యి పట్టుకుని ఫిల్టర్ దాకా లాక్కెళ్తాడు తప్ప వేలు పెట్టి చూపించడు. పిల్లల డాక్టర్ 20 ప్రశ్నల కాగితం నింపించి, ఆటిజం ఉందేమో, డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్‌కి, అంటే పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్‌కి చూపించండి అన్నారు. అత్తమ్మేమో వాళ్ల నాన్నకీ మూడేళ్లకే మాటలొచ్చాయి అంటోంది. రక్త పరీక్ష లేదు, స్కాన్ లేదు, ఎలా చెప్పేస్తారండీ? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

పాప నాన్న:
అది ఎం-చాట్ అయ్యుంటుందండీ, 16 నుంచి 30 నెలల పిల్లలకి వాడతారు. అదొక జల్లెడ, అంతే. అందులో తేలిన వాళ్లందరికీ ఆటిజం ఉండదు. ఇక రక్తంలోనూ ఎమ్మారైలోనూ అది కనపడదు, ఫిట్స్ లాంటివి ఉంటేనే ఆ టెస్టులు రాస్తారు. మా పాప దగ్గర డాక్టరమ్మ సబ్బు బుడగలు ఊది, మధ్యలో సీసాకి మూత పెట్టేసి ఊరుకుంది. ఇంకా కావాలని ఎలా అడుగుతుందా అని చూడటం. మా పాప ఆమె మొహం వైపు చూడనేలేదు, సీసాని ఆమె చేతిలోకి తోసింది. తర్వాతంతా మమ్మల్ని అడగడమే, ఎప్పుడు నవ్వింది, వచ్చిన మాటలేమైనా పోయాయా అని.

వరంగల్ బాబాయ్:
ఇదంతా ఫోన్ల వల్లే. టీవీ ఆపేస్తే అదే పోతుంది, డాక్టర్లెందుకు?

స్పీచ్ థెరపిస్ట్:
టీవీ తగ్గించండి, మంచిదే, కానీ ఫోన్ల వల్లే ఆటిజం వస్తుందనడానికి ఆధారం లేదు, అది సాకుగా ఆరు నెలలు ఆగొద్దు. అమ్మా, టీవీకి పరిగెత్తాడని చెవులు బాగున్నాయనుకోకండి, కొన్ని శబ్దాలే వినపడే పిల్లలూ ఉంటారు, ముందు బెరా అనే వినికిడి పరీక్ష చేయించండి. ఒక్క మాటలు ఆలస్యమైతే ఆటిజం అనరు. నలుగురితో కలవడంలో తేడాతో పాటు, చేసిందే చేయడం, చక్రాలు తిప్పుతూ కూర్చోవడం, కొన్ని చప్పుళ్లకి చెవులు మూసుకోవడం లాంటివీ ఉండాలి. ఆసుపత్రిలో బిడ్డ బిగుసుకుపోతాడు కాబట్టి ఇంట్లో ఆడుకునేటప్పుడు వీడియోలు తీసి పట్టుకెళ్లండి. ఖర్చు ఇబ్బందైతే ప్రభుత్వ ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా గుర్తించి సాయం చేసే జిల్లా కేంద్రం) ఎక్కడుందో అడగండి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ కూడా ఉంది. ఇప్పుడే తేల్చలేం అన్నా థెరపీ మొదలుపెట్టొచ్చు.

కరీంనగర్ అమ్మ:
బెరాకి మత్తిస్తారా మేడమ్?

స్పీచ్ థెరపిస్ట్:
నిద్రపోతే చాలు, పోకపోతేనే డాక్టర్ సిరప్ రాస్తారు. ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టండి, బస్సులో మాత్రం నిద్రపోనివ్వకండి.