మూడో సిలిండర్ మొరాయింపు, పైన టిక్ టిక్ శబ్దం: హెడ్ (సిలిండర్లపై మూత) విప్పాల్సిందేనా?

మాది 2007 నాటి ఆరు సిలిండర్ల డీజిల్ లారీ. విశాఖ పోర్టు నుంచి అనకాపల్లికి సరుకు తోలుతాం. నెల రోజులుగా ఉదయం స్టార్ట్ చేయగానే తెల్ల పొగ, కుదుపు, ఇంజను పైనుండే వాల్వ్ కవర్ కింద గడియారంలా టిక్ టిక్. ఎన్ఏడీ పైవంతెన ఎక్కేసరికి పాపం ఆయాసపడుతోంది.

ఇంజను నడుస్తుండగా ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేశాం. మూడోది వదిలినప్పుడు మాత్రం శబ్దంలో ఏ మార్పూ లేదు, అంటే ఆ సిలిండర్ సరిగా పని చేయడం లేదన్నమాట. నాలుగో సిలిండర్ ఇంజెక్టర్ తెచ్చి అక్కడ బిగించినా అంతే. ట్యాపెట్ సందు (వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఖాళీ) సరిచేస్తే రెండు వారాలు నిశ్శబ్దం, మళ్లీ అదే పాట. వాల్వులను తెరిపించే క్యామ్ గానీ, ఆ కదలికను పైకి అందించే పుష్‌రాడ్ గానీ అరిగిందని నా అనుమానం. గాజువాక ఆటోనగర్ మేస్త్రీ హెడ్ విప్పాలంటున్నారు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) కొలవకుండానే! ముందు ఏది చూడమంటారు?