మృచ్ఛకటికంలో ఆర్యకుడి తిరుగుబాటును తీసేయవచ్చా?

ప్రశ్న:
భాసుడి పేరున లభిస్తున్న సంస్కృత నాటకం ‘చారుదత్తం’ 4 అంకాలతో ఆగిపోతుంది. అందులో తిరుగుబాటు ఊసే లేదు. శూద్రకుడు మృచ్ఛకటికంలో ఆ కథను 10 అంకాలకు పెంచి, పురాణాల వంశావళుల్లో ప్రద్యోతుడి తరువాత కనిపించే ‘పాలకుడు’ అనే పేరుగలవాణ్ణి ఉజ్జయినికి రాజును చేసి, అతడి మీదికి ఆర్యకుడనే గొల్లపిల్లవాణ్ణి లేపాడు. అయితే తన ప్రియురాలైన గణిక వసంతసేనను చంపాడన్న నేరం మీదపడ్డ పేద బ్రాహ్మణుడు చారుదత్తుణ్ణి కాపాడేది ప్రాణాలతో తిరిగి వచ్చిన ఆమే కదా? ప్రదర్శన నిడివి తగ్గించడానికి ఆర్యకుణ్ణి వదిలేస్తే విచారణ ఘట్టానికి లోటేమిటి? మా బృందంలో ఈ వాదన తెగడం లేదు.

జవాబు:
విచారణే కూలిపోతుందండీ. చెర తప్పించుకున్న ఆర్యకుడి కోసం దారికాచిన కావలి అధికారి వీరకుడు, తోటి అధికారి చందనకుడు తనను తన్నాడని ఫిర్యాదు చేయడానికి న్యాయస్థానానికి వస్తాడు. చారుదత్తుడి బండిలో వసంతసేన పుష్పకరండకోద్యానానికి వెళుతున్నదని తనకు చెప్పారని అతడు అనడంతో, ఆమెను చారుదత్తుడే చంపాడన్న రాజు బావమరిది శకారుడి అబద్ధానికి బలం చేకూరుతుంది. నిజానికి ఆ బండిలో ఉన్నది ఆర్యకుడు. ఆ నిజం చెబితే చారుదత్తుడి మెడకు రాజద్రోహం చుట్టుకుంటుంది.

మరో జవాబు:
చారుదత్తుడి ఇంటి గతి కూడా చూడాలి. అతడి కొడుకు రోహసేనుడి మట్టిబండిలో వసంతసేన ముద్దుగా పెట్టిన నగలే, తిరిగి ఇచ్చిరావడానికి బయలుదేరిన చారుదత్తుడి మిత్రుడు మైత్రేయుడి ఒడిలోంచి సభలో జారిపడి తండ్రికి ఉరితాడవుతాయి. అంతటి సాక్ష్యం కనబడినా, కూతురు ఎలాగూ పోయింది, ఇతణ్ణయినా బతకనివ్వండని వసంతసేన తల్లి వేడుకోవడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. న్యాయాధికారి మంచివాడే, కాని రాజు బావమరిది బెదిరిస్తే ఫిర్యాదు తీసుకోక తప్పలేదు. బ్రాహ్మణుణ్ణి వధించరాదు, దేశం నుంచి వెళ్ళగొట్టవచ్చునని మనువు మాట గుర్తుచేసినా, పాలకుడు కొరత వేయమనే ఆజ్ఞాపించాడు.

మరో జవాబు:
పదో అంకంలో తలారి ఒకడు తన తండ్రి చెప్పిన మాట తలచుకుంటాడు: వధ్యుణ్ణి తొందరపడి చంపకు, ఒక్కొక్కప్పుడు రాజ్యం చేతులు మారి ఖైదీలందరూ విడుదలవుతారు అని. వసంతసేన కళ్ళెదుట నిలబడ్డ తరువాత కూడా, ఆ సంగతి యజ్ఞవాటికలో ఉన్న రాజుకు చెప్పాలనే తలారులు అనుకుంటారు. అంటే ఆమె బతికి వచ్చినా చారుదత్తుడి ప్రాణం మళ్ళీ పాలకుడి చేతిలోనే ఉండేది. అదే యజ్ఞవాటికలో ఆర్యకుడు పాలకుణ్ణి చంపాడన్న వార్తతో అతడి మిత్రుడు శర్విలకుడు పరుగున వస్తాడు. ఆ రాకను మాత్రం మీ ప్రదర్శనలో తీసేయకండి.