మిల్లు మూతపడ్డాక శిక్షణ ఫీజు ఈఎస్ఐ నుంచి రాబట్టడం ఎలా?

గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లు మూతపడింది. రింగ్ ఫ్రేమ్ (నూలు వడికే యంత్రం) మీద పనిచేసిన 38, 41, 44 ఏళ్ల ముగ్గురు ఎలక్ట్రీషియన్ పని నేర్చుకోవాలనుకుంటున్నారు. గ్రామీణ పేద యువతకు ఉచిత ఉద్యోగ శిక్షణ ఇచ్చే కేంద్ర పథకం డీడీయూ–జీకేవై వీళ్లకు కుదరదు, అందులో మగవాళ్లకు మామూలుగా 35 ఏళ్లే హద్దు. బ్యాంకులు నడిపే గ్రామీణ శిక్షణ సంస్థ ఆర్‌సెటీలో వసతి, భోజనంతో సహా శిక్షణ ఉచితమే, కానీ అది సొంతంగా పని పెట్టుకునేవాళ్ల కోసం. వీళ్లకు కావాల్సింది జీతం ఉద్యోగం.

ఇక మిగిలింది ఈఎస్ఐ వారి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. మొదటి 12 నెలలు జీతంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం భృతి. వృత్తి శిక్షణ ఫీజు, ప్రయాణ ఖర్చు కూడా ఈఎస్ఐ భరిస్తుంది.

చిక్కంతా కాగితాల దగ్గరే. ఈ పథకం మూసివేత, రిట్రెంచ్‌మెంట్ (యాజమాన్యమే సిబ్బందిని తగ్గించడం), లేదా పనితో సంబంధం లేని గాయం వల్ల వచ్చిన శాశ్వత వైకల్యంతో పని పోయినవాళ్లకే, సొంతంగా మానేసినవాళ్లకు కాదు. ఫైనల్ సెటిల్‌మెంట్ రోజున ఇద్దరి చేత ‘స్వచ్ఛందంగా మానేస్తున్నాను’ అన్న అచ్చు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. చదవనివ్వకుండా అలా చేయడం చాలా అన్యాయం. మూడో ఆయన సంతకం పెట్టలేదు.

ఇలాంటి కేసు నడిపినవాళ్లు దయచేసి చెప్పండి: ఆ కాగితం ఉన్నా, మిల్లు మూతపడిందని లేబర్ ఆఫీసు రాసిచ్చిన పత్రంతో క్లెయిమ్ ఒప్పుకున్నారా? శిక్షణ ఫీజు నేరుగా సంస్థకు కట్టారా, లేక ముందు మనం కట్టి రసీదు ఇవ్వాలా? చేతిలో డబ్బు లేనివాళ్లకు ఈ రెండోదే పెద్ద అడ్డంకి.