క్యాంప్ లాకెట్: మిగిలిన బిల్డింగులు నిలబెట్టాలా, ఒక ఫలకంతో సరిపెట్టాలా?

శాండియాగో_వాసి:
మొన్న పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అనే పొడవాటి కాలిబాట మొదలయ్యే చోటు చూద్దామని కాంపో వెళ్లాం, కాలిఫోర్నియాలో మెక్సికో బార్డర్‌ని ఆనుకుని ఉన్న చిన్న ఊరు. 1941లో అమెరికా ఆర్మీ గుర్రపు దళం కోసం కట్టిన క్యాంప్ లాకెట్ అక్కడే. పాత చెక్క బిల్డింగులు కొన్ని ఇంకా ఉన్నాయి, ఎండకి పలకలు పగిలి మేకులు బయటికొచ్చేశాయి. వీటికి జనం డబ్బు పెట్టి రిపేర్లు చేయాలా? నా మటుకు ఫలకం చాలు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేదాకా నిలిస్తే చాలని హడావిడిగా కట్టినవి, ఒక్క కార్చిచ్చు వస్తే బూడిదే.

కొండగాలి:
బ్రో ఒప్పుకోను. అక్కడ ఎవరున్నారో చూడండి ముందు. మొదట తెల్లవాళ్ల 11వ కేవల్రీ (గుర్రపు రెజిమెంట్) వచ్చింది, 1942లో వాళ్లు వెళ్లిపోయాక 10వ కేవల్రీ, అంటే 1866 నుంచీ ఉన్న నల్లజాతి రెజిమెంట్, బఫెలో సోల్జర్స్ అంటారే వాళ్లు. 1943లో 28వ కేవల్రీని అక్కడే పెట్టారు, అది కూడా నల్లజాతి సైనికులదే, అమెరికా ఆర్మీ కొత్తగా పెట్టిన ఆఖరి గుర్రపు రెజిమెంట్ అదే. బార్డర్‌కీ రైల్వే లైనుకీ డ్యాములకీ వీళ్లే కాపలా. ఇంత చేశాక 1944లో షిప్ ఎక్కించి నార్త్ ఆఫ్రికా తీసుకెళ్లి, అక్కడ రెజిమెంట్లనే రద్దు చేసి మనుషుల్ని సర్వీస్ యూనిట్లలోకి పంచేశారు, పోరాటానికి ట్రైనింగ్ అయినవాళ్లని మోతపనికి పంపినట్టే కదా. 28వ దళానికి వీళ్లు ఇక్కడ పోరాడారు అని చూపించడానికి యుద్ధభూమే లేదు, ఉన్నదల్లా ఈ క్యాంపే. అదీ కూలిపోనిస్తే ఇంకేం చూపిస్తాం?

శాండియాగో_వాసి:
ఆ అన్యాయం గురించి నాకూ బాధే అండీ. కానీ ఆ చరిత్ర ఫలకం మీద రాయొచ్చుగా, బడిలో చెప్పొచ్చుగా. కాంపోలో రోజూ బతికేవాళ్ల అవసరాలు ముందు.

పాతబస్తీ_అబ్బాయి:
ఒక్క గుర్రపు దళమే కాదు, 1944లో దాన్ని మిలిటరీ హాస్పిటల్ చేశారు, గాయాల నుంచి కోలుకునే సైనికుల కోసం, 1946 దాకా నడిచింది. ఇటాలియన్ యుద్ధఖైదీలు కూడా ఉన్నారక్కడ. కాపాడాలంటే ఏ కాలాన్ని కాపాడతారు?

కొండగాలి:
అన్నీ కాపాడమనట్లేదు, డబ్బుకి హద్దుంటుంది నిజమే. ఒక గుర్రాలశాల, ఒక బ్యారక్, హాస్పిటల్‌గా వాడిన బిల్డింగ్ ఒకటి, ఇంతే. మిగతావి కొలతలు తీసి ఫొటోలు తీసి పెట్టుకుంటే చాలు. కార్చిచ్చు భయం ఉంటే చుట్టూ పొదలు కొట్టించాలి, అంతేగానీ ఎలాగూ కాలిపోతుందని వదిలేస్తారా? ఊరి అవసరాలకీ దీనికీ పోటీ ఎందుకు, క్యాంపు స్థలంలో ఇప్పటికే గుర్రాల ఈవెంట్లు జరుగుతున్నాయి, వచ్చే జనం ఉన్నారు, అద్దెలో కొంత తీసి పైకప్పులకి పెట్టండి. పైకప్పు గట్టిగా ఉంటే లోపలి చెక్క నిలుస్తుంది, వాన దిగితే కుళ్లిపోతుంది, అందుకే ముందు ఆ పని చేయమంటున్నా.