స్టార్‌డ్యూ వ్యాలీలో మూడో ఏడాదికే విసుగు: ఆడే తీరు మార్చుకోవాలా, ఆటనే మానేయాలా?

ప్రశ్న (రాజోలు నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. స్టార్‌డ్యూ వ్యాలీలో (పొలం సాగుచేసుకుంటూ పల్లెలో బతికే వీడియో గేమ్) నాకిది మూడో ఏడాది వసంతం. గ్రీన్‌హౌస్ నిండా ఏన్షియంట్ ఫ్రూట్ (వైన్‌కు మంచి ధర పలికే పండు) ఉంది, నీళ్లన్నీ ఇరిడియం స్ప్రింక్లర్లే (తమంతట తామే మొక్కలను తడిపేవి) పెడుతున్నాయి, షెడ్లలో వైన్ పీపాలు బారులు తీరి ఉన్నాయి. ఆ పండు వారానికోసారి కాపుకొస్తుంది, వైన్ తయారవడానికీ దాదాపు అంతే పడుతుంది. అందువల్ల వారంలో ఒక్క రోజు పండ్లు కోసి, వైన్ తీసి, పీపాలను మళ్ళీ నింపడమే నా పని. మిగిలిన ఆరు రోజులూ ఉదయం 6 గంటలకు లేచిన మనిషిని వెంటనే మళ్ళీ మంచమెక్కిస్తున్నాను. డబ్బుకు లోటు లేదు కానీ ఆట తెరవాలనిపించడం లేదు. మా చెల్లెలు నాకంటే ముందే మొదలుపెట్టి, ఇప్పటికీ కోళ్ల గూటి చుట్టూ కంచె ఎటు తిప్పాలా అని ఆలోచిస్తూ హాయిగా ఆడుకుంటోంది. ఈ పొలంలోనే ఏమైనా మార్చుకోవచ్చా, కొత్తది మొదలుపెట్టాలా, లేక ఈ ఆటతో నా పని అయిపోయినట్టేనా?

జవాబు (భీమవరం నుంచి)

కారణం మీరు రాసినదాంట్లోనే ఉందండి. ఈ ఆటలో ఒక రోజంటే మనకు సుమారు 14 నిమిషాలు. మొదట్లో ఉండే 270 శక్తితో ఆ కాస్త సమయంలో మొక్కలకు నీళ్లు పోయాలా, గనికి వెళ్లాలా, చేపలు పట్టాలా, బుధవారం పియర్ విత్తనాల కొట్టు మూసి ఉంటుంది గనుక విత్తనాలు ముందురోజే తెచ్చుకోవాలా అని తేల్చుకోవడంలోనే ఆట రుచంతా ఉంది. స్ప్రింక్లర్ పెట్టిన ప్రతిసారీ అలాంటి ఆలోచన ఒకటి తగ్గుతుంది. అది ఆట చూపిన దారే, తప్పేమీ లేదు. అయితే అలా మిగిలిన సమయాన్ని కూడా మీరు తిరిగి డబ్బుకే పెట్టారు. ఒక దశ దాటాక ఆ డబ్బుతో కొనడానికి ఏమీ ఉండదు. మీ చెల్లెలి కంచెకు అలాంటి హద్దు లేదు.

చాలామందిని తొందరపెట్టేది తాతగారి తీర్పు, అంటే ఆటలో మనకు ఈ పొలాన్ని వదిలి చనిపోయిన తాతగారు ఆత్మగా వచ్చి మన సాగు ఎలా ఉందో తేల్చడం. మూడో ఏడాది మొదటి రోజున ఆయన వచ్చి కొవ్వొత్తులు వెలిగిస్తారు గనుక అదే గడువని అనుకుంటారు. నిజానికి ఆ తర్వాత ఎప్పుడైనా ఆయన స్మారకం దగ్గర వజ్రం ఉంచితే మళ్ళీ తీర్పు ఇస్తారు, కాబట్టి నిదానంగా ఆడితే పోయేదేమీ లేదు. ఊళ్లో ఎవరికీ వయసు పైబడదు, మీకు పుట్టిన పిల్లలు కూడా పెద్దవాళ్లు కారు. సిమ్స్ 4 అనే మరో ఆటలో తరాలు మారుతూ ఆట తనంతట తానే కొత్తదవుతుంది. యానిమల్ క్రాసింగ్ న్యూ హొరైజన్స్ అనే ఆట మన గడియారంతో పాటే నడుస్తుంది గనుక పరుగెత్తుదామన్నా కుదరదు (గడియారాన్నే ముందుకు తిప్పేవాళ్ల సంగతి వేరు). ఇక్కడ ఆ రెండూ లేవు, వేగం ఎంతన్నది పూర్తిగా మన చేతిలోనే ఉంది.

గ్రీన్‌హౌస్‌ను తీసేయమని చెప్పను, సంపాదించినది పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. బయటి పొలంలో స్ప్రింక్లర్ లేని మడి ఒకటి పెట్టుకుని వరి నారు వేసి చూడండి. నీటికి 3 గడుల లోపు నాటితే చేత్తో తడపనక్కర్లేదు, 8 రోజుల పంట 6 రోజుల్లో చేతికొస్తుంది. (ఆ ఊరి పొలంలో అది వసంతంలోనే పండుతుంది, సార్వా, దాళ్వా రెండూ ఊడ్చే మనకు ఇది కాస్త అన్యాయంగానే తోస్తుంది.) ఊరివాళ్లకు ఒక్కొక్కరికి వారానికి రెండు కానుకలు ఇవ్వవచ్చు గదా, ఎవరికి ఏది ఇష్టమో వికీ తెరవకుండా వాళ్ల మాటల్లోంచే పట్టుకోండి.

జవాబు (రావులపాలెం నుంచి)

పై సలహా అందరికీ నప్పదని నా అభిప్రాయం. లెక్కలు వేసి పొలాన్ని నడపడంలోనే ఆనందించేవారిని కంచెలు అలంకరించమంటే రెండు పూటల్లో విసిగిపోతారు. వారికి కావలసింది ఇంకా గట్టి లెక్క. కొత్త ఆట మొదలుపెట్టే తెరలో కింద ఎడమవైపు ఉన్న రెంచి గుర్తును నొక్కితే లాభాన్ని 75, 50, 25 శాతానికి తగ్గించుకునే వీలుంది; 2020 డిసెంబరులో వచ్చిన 1.5 వెర్షన్ నుంచి కమ్యూనిటీ సెంటర్ (ఊళ్లో పాడుబడ్డ ఉమ్మడి భవనం) బండిల్స్‌ను, అంటే దాన్ని బాగుచేయడానికి సమర్పించాల్సిన వస్తువుల జాబితాలను, కలగలిపి మార్చుకోవచ్చు కూడా. పొలం రకాల్లో బీచ్ ఫారం ఎంచుకుంటే ఇసుకలో చాలామేరకు స్ప్రింక్లర్లు పనిచేయవు. రివర్‌ల్యాండ్ ఫారం అయితే మన లంకల్లాగే నీటి మధ్య ముక్కలు ముక్కలుగా ఉంటుంది, దున్నడానికి దొరికే నేల తక్కువ.

ప్రశ్న (రాజోలు నుంచి)

ఇద్దరికీ ధన్యవాదాలు. నేను ఆటలోని డబ్బు 5,000 కట్టి జోజా (బండిల్స్‌కు బదులు డబ్బుతోనే పనులు చేయించుకునే వీలిచ్చే పెద్ద దుకాణం) సభ్యత్వం తీసుకున్నాను గనుక బండిల్స్ జోలికే పోలేదు. గాలివాన వస్తే మా ఊళ్లో కరెంటు ఉండదు, కంప్యూటర్‌లో ఆడేటప్పుడు ఆటలోని మనిషి పడుకుంటేనే ఆట సేవ్ అవుతుంది, రోజులను గబగబా దాటించే అలవాటు కొంత అక్కడినుంచి వచ్చిందేమో. ఈ పొలంలో కమ్యూనిటీ సెంటర్ ఇంకా తెరుచుకుంటుందా? చెల్లెలితో కలిసి ఆడవచ్చా?

జవాబు (భీమవరం నుంచి)

జోజా సభ్యత్వం తీసుకున్న పొలంలో కమ్యూనిటీ సెంటర్ గోదాముగా మారిపోతుందండి, ఇక బండిల్స్ ఉండవు. అందువల్ల నా మొదటి సలహాను సవరించుకుని, మీరు కొత్త పొలం వేయడమే మేలంటాను. ఏ రుతువులో ఏ చేప పడుతుంది, ఏది వాన రోజునే దొరుకుతుంది అని కనిపెట్టుకుని ఉండటం, ఒకటి తప్పిపోతే మళ్ళీ ఏడాది దాకా ఆగడం, లాభం లేని పంటనైనా ఒక్కటి పండించడం, ఇవన్నీ మీరింకా రుచి చూడనే లేదు. కరెంటు పోయినా పోయేది ఆ ఒక్క రోజు పనే.

చెల్లెలితో నిస్సందేహంగా ఆడవచ్చు. ఊరి వడ్రంగి రాబిన్ చేత రెండో ఆటగాడికి క్యాబిన్ (చిన్న ఇల్లు) కట్టించి, ఒకరు కీబోర్డు, మరొకరు కంట్రోలర్ పట్టుకుంటే, ఒకే కంప్యూటర్‌లో తెరను రెండుగా పంచుకుని ఇద్దరూ ఆడవచ్చు. ఇద్దరూ పడుకుంటేనే రోజు ముగుస్తుంది, కాబట్టి దాటించే అలవాటుకు అక్కడే అడ్డు పడుతుంది. డబ్బు ఉమ్మడిగానే మొదలవుతుంది. విడిగా ఉండాలంటే మేయర్ లూయిస్ ఇంట్లో ఉన్న పుస్తకంలో మార్చుకోండి, ఆ మార్పు మర్నాటి నుంచి అమలవుతుంది.